రొట్టెను నడుమ నుంచి తుంచేవాడు

దయ్యాల గురించి నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను, తర్వాత తగాదా ఉండదు. నేను నమ్మను. పెద్ద హోటళ్లలో పనిచేసినవాడెవడూ నమ్మలేడు. ప్రతి హోటల్లోనూ ఏదో ఒక గది గురించి ఒక కథ ఉంటుంది. తలుపు దానంతట అదే కొట్టుకుంటోందని ఫిర్యాదు వస్తుంది, వెళ్లి చూస్తే ఏసీ గాలి. బాత్రూంలో ఎవరో మూలుగుతున్నారంటారు, చూస్తే నీళ్ల పైపు. నేను స్వయంగా వెళ్లి చూసి, లోపల నవ్వుకుని, అతిథికి ఒక పళ్ల బుట్ట పంపించి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో నేను ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్‌ని. మా నిజామాబాద్‌లో ఈ మాట చెబితే "అంటే వంటోనివా, సర్వర్‌వా?" అని అడుగుతారు. రెండూ కాదు, వాళ్లిద్దరూ నా కింద పనిచేస్తారు. హోటల్లోని రెస్టారెంట్లు, కాఫీ షాపు, గదులకు వెళ్లే ట్రేలు, పెళ్లి విందులు, రంజాన్ నెలలో వేసే ఇఫ్తార్ డేరా అన్నీ నా బాధ్యతే. ఎంగిలి ప్లేట్లు తుడిచే పనితో గల్ఫ్‌లో అడుగుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకున్నా నాకేం బాధ లేదు.

మా పనిలో వంట చేయడం కన్నా పెద్ద విద్య ఒకటుంది. ఎదుటివాడికి ఏది ఇష్టమో వాడు నోరు తెరవకముందే కనిపెట్టాలి. గుడ్డు సొన గట్టిగా ఉడకాలా, జారుగా ఉండాలా, కాఫీ తిండికి ముందా, తర్వాతా, ఒకసారి వచ్చిన అతిథి మళ్లీ వచ్చేసరికి మాకు గుర్తుండాలి. ఇన్ని దేశాలవాళ్ల ఇష్టాలు తెలిసిన నాకు, కట్టుకున్న భార్య ఇష్టమేమిటో మాత్రం తెలియలేదు. నా బాధంతా అక్కడే మొదలైంది.

కరుణకు నాతో జరిగింది రెండో పెళ్లి. ఆమె మొదటి భర్త పేరు సుధాకర్. బోధన్ మనిషి, లారీ డ్రైవర్. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చుట్టుపక్కల ఊళ్ల చెరకును మహారాష్ట్ర వైపు ఫ్యాక్టరీలకు తోలేవాడట. పెళ్లయిన కొద్దికాలానికే కామెర్లు వచ్చి పోయాడు. కరుణ నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మాది మెథడిస్టు చర్చి. అక్కడే మా అమ్మ ఆమెను చూసి సంబంధం కలిపింది. నాకా వయసు మీద పడుతోంది, ఆమెకా ఇంట్లోవాళ్ల ఒత్తిడి. పెళ్లి జరిగిపోయింది.

నాకు సుధాకర్ మీద అసూయ. ఇందులో దాచుకునేదేముంది? బతికున్నవాడైతే పోటీ పడవచ్చు. బతికున్నవాడికి పొట్ట వస్తుంది, జుట్టు రాలుతుంది, పెళ్లాం మీద కసురుకుంటాడు. పోయినవాడికి ఆ కష్టాలేవీ లేవు. చచ్చినవాడి కళ్లు చారెడని మనవాళ్లు ఊరికే అన్నారా? కరుణ అతని గురించి ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. పొగిడి ఉంటే నేను కొట్టిపారేసేవాణ్ణి. మాట్లాడకపోవడంతో నాలోనే అతను రోజుకింత పెరిగాడు.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె కోసం నేనే వండేవాణ్ణి. పోచంపాడ్ నుంచి తాజా చేప తెప్పించి వెన్న, నిమ్మరసంతో కాల్చి పెట్టాను. పుట్టగొడుగుల సూప్ చేశాను. మా హోటల్లో పెద్దపెద్దవాళ్లు లొట్టలు వేసుకుంటూ తినే పదార్థాలవి. కరుణ తలవంచుకుని తిని "మంచిగున్నది" అనేది. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నచ్చిన అతిథి ఏదో ఒకటి అడుగుతాడు. ఇందులో ఏం వేశారంటాడు, ఇంకొంచెం కావాలంటాడు, కనీసం ఉప్పు ఎక్కువైందని పోట్లాడతాడు. బాగుందని చెప్పి మర్యాదగా లేచిపోయేవాడు మళ్లీ మన గడప తొక్కడు. ఇది నా ఉద్యోగం నాకు నేర్పిన పాఠం.

మస్కట్‌కు రమ్మంటే "డ్యూటీ ఉన్నది గదా, సూద్దాం తియ్యండి" అనేది. అదే మనిషి నెలకోసారి తప్పకుండా బోధన్ బస్సు ఎక్కేది. అక్కడ సుధాకర్ తల్లి మార్తమ్మ ఒంటరిగా ఉంటుంది. మొగుడి దగ్గరికి రావడానికి దొరకని సెలవు పాత అత్తగారి దగ్గరికి వెళ్లడానికి దొరికేది. నేను మింగలేక, కక్కలేక ఉండేవాణ్ణి.

ఇక అసలు సంగతి. ఇది మొదట మస్కట్‌లో జరిగింది, బోధన్‌లో కాదు. దయచేసి ఈ వరుస గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా దగ్గరున్న సాక్ష్యం ముఖ్యంగా అదే.

క్రితం ఏడాది మా హోటల్లో కొత్త మెనూ పెట్టేముందు మధ్యాహ్నం రుచి చూసే కార్యక్రమం జరిగింది. జనరల్ మేనేజర్, పెద్ద షెఫ్, నేను, ఇంకో ఇద్దరు బల్ల చుట్టూ కూర్చున్నాం. పొయ్యిలోంచి తీసిన పలచని అరబ్బీ రొట్టె వచ్చింది, పక్కన పచ్చిమిరపకాయల చట్నీ. అందరూ అంచు నుంచి తుంచుకున్నారు. నేను రెండు వేళ్లు రొట్టె నడిమధ్యలోకి గుచ్చి, అక్కడి మెత్తటి ముక్క పీకాను. రొట్టె చేతి గాజులా గుండ్రంగా మిగిలింది. ఆ ముక్కకు చట్నీ రాసి, వడ్డిస్తున్న స్టీవార్డ్‌ను చక్కెర అడిగి, పైన చల్లుకుని నోట్లో పెట్టుకున్నాను.

నన్నెరిగినవాళ్లకు ఇది ఎంత వింతో తెలుస్తుంది. కారంలో తీపి కలిస్తే నాకు చిన్నప్పటి నుంచీ సరిపడదు. బెల్లం వేసిన నిమ్మకాయ పచ్చడిని కూడా పక్కకు నెట్టేవాణ్ణి. కాఫీ, టీలు చక్కెర లేకుండా తాగుతాను. అలాంటిది ఆ మంటలో చక్కెర పలుకులు పళ్ల కింద కరకరలాడుతుంటే ప్రాణం లేచివచ్చింది. షెఫ్ వింతగా చూసి, మీ దేశంలో ఇలా తింటారా అని అడిగాడు. పరువు పోకుండా అవునన్నాను.

అది ఆ రోజుతో ఆగలేదు. రొట్టె కనిపిస్తే నా చెయ్యి నడుమకే పోయేది. నేను స్టాఫ్ క్యాంటీన్‌లో కూర్చోగానే ఆ స్టీవార్డ్ అడగకుండానే చక్కెర గిన్నె తెచ్చి పెట్టేవాడు. మేం వాళ్లకు నేర్పించేదే అది కదా. పని ఒత్తిడి వల్ల నాలుకకు ఏదో అయిందనుకున్నాను. అప్పటికి నేను బోధన్ ఇంటి గడప తొక్కలేదు. మార్తమ్మను చూడలేదు. సుధాకర్ ఎలా తింటాడో నాకు చెప్పినవాళ్లు లేరు, నేను ఎవరినీ అడగలేదు.

తర్వాత సెలవు మీద వచ్చాను. కరుణ యథాప్రకారం బోధన్‌కు బయలుదేరింది. నేనూ వస్తానన్నాను. ఆ లారీ డ్రైవర్ గొప్పేమిటో ఒకసారి చూసి రావాలనిపించింది. ఆమె ఆశ్చర్యపోయింది కానీ వద్దనలేదు.

షక్కర్‌నగర్ వైపు ఒక సందులో రెండు గదుల ఇల్లు. గోడ మీద సుధాకర్ ఫోటో. ముక్కు కాస్త వంకర. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మార్తమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. నన్ను చూడగానే "రా బిడ్డా, మొగులైంది, వానొస్తదేమో, లోపలికి రా" అంది. నేను ఊహించుకున్న శత్రువు తల్లిలా లేదు.

జొన్నరొట్టెలు పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చాయి. రోట్లో అప్పుడే నూరిన పచ్చిమిర్చి తొక్కు. నేను చాప మీద కూర్చుని మస్కట్ గురించి చెబుతున్నాను. మా హోటల్ ముందు సముద్రం, మా విందుల్లో కూర్చునే పెద్దమనుషులు, ఇలాంటివే. ఆ మాటలన్నీ గోడ మీదివాడు కూడా వినాలని నా ఉద్దేశం. మాటల్లో పడి రొట్టె ఎలా తుంచానో చూసుకోలేదు. "కొంచెం చక్కెర ఉంటే ఇవ్వండి" అన్నాను.

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. తలెత్తి చూస్తే మార్తమ్మ నా పళ్లెం వైపే చూస్తోంది.

"నీకు ఎవలు జెప్పిండ్రు బిడ్డా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా సుధాకర్ గిట్లనే తింటుండె. కొసకెల్లి తుంపురా అంటే ఇనకపోతుండె. నడిమిట్లదే మెత్తగుంటదే అవ్వా అంటుండె. తొక్కు మీద సక్కెర సల్లుకునుడు గూడ గిట్లనే."

కరుణ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లాను. ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. "ఎక్కిరిస్తున్నరా మీరు? సచ్చిపోయినాయినతోని గూడ మీకు పోటీయేనా? ఎవల్ని అడిగి నేర్చుకున్నరు?" అంది. నా అసూయ ఆమెకు ముందునుంచీ తెలుసని నాకు తెలిసింది అప్పుడే. దేవుని మీద ఒట్టు వేశాను. నమ్మలేదు.

అప్పుడు నాకు మా స్టీవార్డ్ గుర్తొచ్చాడు. అక్కడే నిలబడి మస్కట్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇంగ్లిష్‌లో ఒకటే అడిగాను, నేను రొట్టె తినేటప్పుడు ఏమేం పెడతావని. పచ్చిమిరపకాయల చట్నీ, చక్కెర అన్నాడు. ఎప్పటినుంచి అంటే, కొత్త మెనూ రుచి చూసిన రోజు నుంచి అన్నాడు. పైగా నవ్వి, సార్ రొట్టెకు కిటికీ పెట్టి తింటారు కదా అన్నాడు. కరుణ అంతా వింది. నా ముఖం వైపు చూడలేదు. నా చేతి వైపు చూసింది.

నిజామాబాద్ తిరిగి వస్తుంటే బస్సులో నా భుజం మీద తల వాల్చింది. పెళ్లయ్యాక అదే మొదటిసారి. నన్ను ఎప్పుడూ మీరు అనే మనిషి, మెల్లగా "కడుపునిండ తిన్నవా నువ్వు?" అంది. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన చనువది. వచ్చింది, కానీ వేరేవాడి పేరున రాసిన ఉత్తరం నా ఇంటికి వచ్చినట్టు వచ్చింది.

ఆ సెలవంతా ఆమె రోజూ రొట్టెలు చేసింది. ఎదురుగా కూర్చుని నేను తినడం చూసేది. నవ్వేది. ఆసుపత్రి సంగతులు చెప్పేది, పాట కూనిరాగం తీసేది. నేను జీవితంలో అంత సుఖపడింది లేదు, అంత కుళ్లుకున్నదీ లేదు. ఆమె చూపు నా వేళ్ల మీదే ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఇక్కడ నా ఇంటి కూరే నాకు పొరుగుది అయింది. ఒకరోజు పంతం పట్టి అంచు నుంచి తుంచి, చక్కెర లేకుండా తిన్నాను. అట్ట నమిలినట్టు ఉంది. కరుణ లేచి వంటింట్లోకి వెళ్లింది. తర్వాతి పూట నా చెయ్యి మళ్లీ నడుమకే పోయింది, ఆమె మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

నేను చదువుకున్నవాణ్ణి, ఊరికే వదల్లేదు. తెలిసిన డాక్టర్‌ను అడిగాను. జ్వరాల తర్వాత కొందరికి నాలుక రుచి మారుతుందన్నాడు. నాకు జ్వరమేదీ రాలేదు, పైగా నాలుక మారితే మారింది, వేళ్ల సంగతేమిటి? దానికి ఆయన నవ్వి బీపీ చూశాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి, దేవుడిచ్చింది కృతజ్ఞతతో తినమన్నారు. మా అమ్మ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది.

చివరికి మా పనిలో వాడే పరీక్షే పెట్టుకున్నాను. పేరు చెప్పకుండా గిన్నెలు వరసగా పెట్టి రుచి చూసే పద్ధతి. కరుణకు చెప్పకుండా ఒక్కణ్ణే బోధన్ వెళ్లి మార్తమ్మను అడిగాను. పచ్చిపులుసు మూడు రకాలుగా చెయ్యి, ఒకటి నీ కొడుక్కి ఇష్టమైనట్టు ఉండాలి, ఏది ఏదో నాకు చెప్పొద్దు అన్నాను. ఆమె విచిత్రంగా చూసింది కానీ చేసింది. నాకు కనబడకుండా ఉండాలని తలుపు దగ్గరికి వేసుకుని మరీ చేసింది.

మూడూ చూశాను. మేనేజర్‌గా నన్ను అడిగితే మొదటిది బాగుంది, పులుపూ ఉప్పూ సమంగా ఉన్నాయి. రెండోది పలచన. మూడోదాంట్లో ఉల్లిగడ్డ నల్లగా మాడి ఉంది, మా వంటవాడు అలా చేస్తే తిరిగి పంపించేవాణ్ణి. మొదటిది బాగుందని చెప్పబోయాను. అప్పటికే మూడో గిన్నె ఖాళీ అయిపోయింది. తాగింది నేనే.

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గదే కొడుకా. నిప్పుల మీద ఉల్లిగడ్డ మాడితేనే తాగుతుండె" అంది.

మూడింట్లో ఒకటి కాకతాళీయంగా తగిలే అవకాశం ఉంది, ఒప్పుకుంటాను. కానీ బయటికి వచ్చి సందులో నిలబడినప్పుడు నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఫోటో ముక్కు వంకర అని సంతోషించినవాణ్ణి, ఇప్పుడు ఆ మనిషి తిండి నా కడుపులో ఉంది. ఏం కావాలయ్యా నీకు, అన్నీ నీకేనా, అని పైకే అనేశాను. దారిన పోయే ఆవిడ నన్ను తాగినవాడిలా చూసి పక్కకు తప్పుకుంది.

ఆ సెలవు అయిపోయేలోపు కరుణ ఉద్యోగం మానేస్తానంది. "నేను గూడ వస్త మస్కట్‌కు. నీకు ఆడ రొట్టెలు ఎవలు చేస్తరు?" అంది. నేను అడగకుండానే. వీసా వచ్చింది, ఆమె వచ్చింది. మార్తమ్మతో రోజూ వీడియోలో మాట్లాడుతుంది. మా ఫ్లాట్ కిటికీలోంచి కొండలు కనబడతాయి. శుక్రవారాలు ఒక్కోసారి ఆమెను మా హోటల్‌కు తీసుకెళ్తాను. నా కింద పనిచేసేవాళ్లు ఆమెకు కుర్చీ లాగుతుంటే సిగ్గుపడుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు మాకేం లోటు లేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ల క్రితం ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. కరుణ వంటింట్లో ఇంకో రొట్టె కాలుస్తోంది. నా చెయ్యి మామూలుగా అంచుకు పోయింది. తుంచాను. తొక్కు మీద చక్కెర చల్లి నోట్లో పెట్టుకుంటే వాంతి వచ్చినంత పనైంది. తీపి, కారం, రెండూ వేరువేరుగా, నాకు చిన్నప్పటి నుంచి తెలిసినట్టే, అసహ్యంగా. నా నాలుక నాకు తిరిగొచ్చింది. ఎలా వచ్చిందో అలాగే, చెప్పాపెట్టకుండా అతను పోయాడు.

పండగ చేసుకోవాల్సినవాణ్ణి. చేసుకోలేదు. వంటింట్లోంచి గాజుల చప్పుడు దగ్గరవుతోంది. గబగబా రొట్టె నడుమ వేళ్లు గుచ్చి కంత చేశాను. తుంచిన అంచు ముక్కను పళ్లెం కింద దాచాను. ఆమె వచ్చి ఎదురుగా కూర్చునేసరికి నేను చక్కెర నములుతూ తల ఊపుతున్నాను.

అప్పటినుంచి రోజూ అదే. ఎవణ్ణి చూసి ఒళ్లు మండిందో వాడిలాగే నటిస్తూ రొట్టె తింటున్నాను. వాడు నిజంగా ఉన్నన్నాళ్లూ పోతే బాగుండనుకున్నాను, పోయాక వాడు లేని లోటు నాకే తెలిసింది. వాడంటే ఇప్పుడూ అసూయే, కాకపోతే ఇప్పుడు వాడి పని కూడా నేనే చేయాలి.

మొన్న మధ్యాహ్నం కూడా తింటున్నాను. అనుమానం రాకూడదని చక్కెర కాస్త ధారాళంగానే చల్లుకున్నాను. కరుణ టీ కలుపుతూ, తల తిప్పకుండానే అంది.

"గంత సక్కెర ఎందుకేసుకుంటున్నవ్? సుధాకర్ గంత ఏసుకోకపోతుండె."

ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. ముక్క నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె వచ్చి చక్కెర డబ్బా మూత పెట్టి, టీ కప్పు నా ముందుంచి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. నా టీలో చక్కెర వేయలేదు, నేను తాగేది అలాగే.

అతను నాలోకి ఎందుకు వచ్చాడో, ఎందుకు పోయాడో, అసలు వచ్చాడో లేదో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. నాకంటే తెలివైనవాళ్లు ఎవరైనా చెప్పగలిగితే వింటాను. నేను నటిస్తున్నానని ఆమెకు ఎప్పటినుంచి తెలుసో, తెలిసీ ఎవరి కోసం నా ఎదురుగా కూర్చుంటోందో అడగాలని రోజూ నోటిదాకా వస్తుంది. అడగడం లేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.